అంచులో ఉన్న మర్మం



కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాలలో అగ్గిపెట్టెల పనిని ఎరుగని వారు అరుదు. పుల్ల తలపై పొటాషియం క్లోరేటు ఉన్నప్పటికీ, పెట్టె ప్రక్కనున్న ఎర్ర భాస్వరపు పట్టీపై గీసినప్పుడే అది సులువుగా అంటుకుంటుంది. నిప్పు మర్మం ఆ సన్నని ప్రక్కపట్టీలో ఉన్నది. కర్బన శాస్త్రంలోనూ ఇటువంటి మర్మమొకటి ఇటీవలి దశాబ్దాలలో బయటపడింది.

కాలిన పుల్లలో మిగిలే బొగ్గు ప్రధానంగా కర్బనం. బాలల పెన్సిలులోని గ్రాఫైటూ కర్బనమే. విరుదునగరం జిల్లాకు పొరుగున ఉన్న శివగంగ జిల్లాలో ఆ ఖనిజం లభిస్తుంది. గ్రాఫైటు పొరలుపొరలుగా ఉంటుంది. ప్రతి పొరలోను పరమాణువులు తేనెపట్టు గదులవలె షడ్భుజాలుగా అమరి ఉంటాయి. ఇరుగుపొరుగు పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు మాత్రమే. 2004లో మాంచెస్టరులో ఆంద్రె గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్‌ల బృందం జిగురు టేపు సాయంతో ఒకే పొరను విడదీసింది. అదే గ్రాఫీన్. 2010లో ఆ ఇరువురికి నోబెల్ బహుమతి లభించింది.

గ్రాఫీన్‌లో ఎలక్ట్రానులు మహావేగంతో సాగుతాయి. కాని ఆ ప్రవాహాన్ని స్విచ్చివలె పూర్తిగా ఆపడానికి కావలసిన శక్తి అంతరం అందులో లేదు. ఆ పొర బాలికల జడరిబ్బను వలె సన్ననిదై, కొన్ని పరమాణువుల వెడల్పుకు కుదిస్తే అంతరం ఏర్పడగలదు. ఎలక్ట్రానుకు తరంగ స్వభావం ఉన్నది. బిగించిన వీణతంత్రిపై కొన్ని స్వరాలే పలికినట్లు, ఇరుకైన రిబ్బనులో కొన్ని తరంగాలే ఇముడుతాయి.

ఇక అంచు సంగతి. రంపపు పళ్ళవలె సాగే అంచును జిగ్‌జాగ్ అంటారు. చేతుల కుర్చీ ఆకారాన్ని తలపించేది ఆర్మ్‌చెయిర్. జిగ్‌జాగ్ రిబ్బనులో కొన్ని ఎలక్ట్రాను స్థితులు అంచునే గుమిగూడతాయని 1996లో ఫుజితా, డ్రెసెల్‌హాస్ ప్రభృతులు గణించి చూపారు. ఆర్మ్‌చెయిర్ రిబ్బనులో చిన్న బడి లెక్క దాగి ఉన్నది. పరమాణు వరుసల సంఖ్యను 3చే భాగించగా శేషం 1 అయితే అంతరం పెద్దది, 2 అయితే మిక్కిలి చిన్నది. కాబట్టి 7 వరుసలకు మరొక్క వరుస చేరితే స్వభావమే మారుతుంది.

కత్తిరించిన అంచు గరుకైతే ఎలక్ట్రానులు చెదిరి ప్రవాహం కుంటుపడుతుంది. అందుచేత 2010లో స్విట్జర్లాండు, జర్మనీ శాస్త్రజ్ఞులు కత్తిరింపు మాని, బంగారు తలంపై అణువులను వేడిచేసి, పూసలు గుచ్చినట్లు 7 వరుసల రిబ్బనును కూర్చారు.

తమిళనాట తెలుగు చదివే బిడ్డ రెండు భాషల అంచున నిలిచి ఉన్నది. ఇది పోలిక మాత్రమే; అయినను ఆలోచింపదగినది. అంచును ఓర్పుతో, ఒక్క వరుస తప్పకుండా కూర్చిన చోటనే ప్రవాహం సాగుతుంది. ఆ కూర్పు బడిలోను, ఇంటిలోను జరగవలసిన పని.