దారి తప్పిన అడవిజీవము - ఊరి ధర్మము



ఒక రైతు తెల్లవారుజామున తన చేనికి పోవును. గట్టు మీది తంగేడుపొద మాటున చిన్న జింకపిల్ల యొకటి కదలక మెదలక పండుకొని యుండును. తల్లి కానరాదు. రైతు జాలిగుండెవాడు. తల్లిలేని పిల్ల యని తలచి, దానిని భుజముపై వేసికొని యింటికి తెచ్చును. ఇల్లాలు ఆవుపాలు పట్టును. పిల్లలు దాని మెడకు గజ్జె కట్టి యాడుకొందురు. ఊరివారు రైతును మెచ్చుకొందురు. మూడవనాటికి విరేచనములు పట్టుకొని ఆ పిల్ల చనిపోవును.

ఆ రైతు చేసినది దయయా, హానియా? నేటి ప్రసంగమున మీతో ముచ్చటింపదలచినది ఈ ప్రశ్నను గూర్చియే.

నిజమునకు తల్లి యెక్కడికిని పోలేదు. కృష్ణజింక తన లేతపిల్లను గడ్డిలో దాచి, తాను దూరముగా మేయుచు, పాలిచ్చు వేళకు మాత్రమే దాని చెంతకు వచ్చును. ఎల్లప్పుడును పిల్ల దగ్గరనే నిలిచినచో నక్కకును తోడేలుకును జాడ తెలిసిపోవును. అందుచేత దూరముగా నుండుటయే ఆ తల్లి చేయు కావలి. రైతు ఇంటికి తెచ్చినది అనాథను కాదు. తల్లి యున్న పిల్లను. ఆ సాయంకాలము తల్లి పొదకడకు వచ్చి వెదకికొని పోయియుండును.

లోకమున నేడు పెక్కుదేశములందు వన్యమృగ రక్షణకేంద్రములు వెలసియున్నవి. గాయపడినవి, తల్లిని కోల్పోయినవి, దొంగవర్తకుల చేతినుండి విడిపింపబడినవి యగు జీవములను అచ్చట చేర్చి సాకుదురు. వానిలో పేరు గన్నవి కొన్ని వర్షారణ్యములందున్నవి. వర్షారణ్యమనగా ఏడాది పొడుగునను వానలు కురియుచు, చెట్ల తలలు ఒండొంటితో కలిసిపోయి, నేలకు ఎండ సోకనీయని అడవి. బోర్నియో ద్వీపమున సెపిలోక్ అనుచోట 1964లో అట్టి కేంద్రము నొకదానిని నెలకొల్పిరి. ఒరాంగుటాన్ అను మహావానరముల పిల్లలు తల్లులను కోల్పోయి అచ్చటికి చేరును. వానికి చెట్లెక్కుటయు, కొమ్మలతో గూడు కట్టుకొనుటయు అలవరచి, మరల అడవికి పంపుదురు. చూడవచ్చినవారిని వానిని ముట్టనీయరు. మనకు రెండు దినములలో తగ్గిపోవు జలుబు వాని ప్రాణము తీయవచ్చును.

దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశమున 1992లో స్వచ్ఛంద సేవకులు ఇంతి వార యాసి అను సంస్థను ఆరంభించిరి. ఆ మూడు మాటలకు, ఆ దేశపు ఆదిమజాతుల మూడు భాషలలో, సూర్యుడు, నక్షత్రము, చంద్రుడు అని యర్థము. దేశదేశముల యువతీయువకులు తమ సొంత ఖర్చుతో అచ్చటికి పోయి, బోనులు కడుగుదురు, పండ్లు తరుగుదురు, బరువులు మోయుదురు. ఆ సేవకు జీతము లేదు. కాని యొక విచారకరమైన సంగతి వినుడు. అచ్చట చేరిన జీవములలో పెక్కు మరల అడవికి పోవు యోగ్యత లేనివి. మనుష్యుల యిండ్లలో ముద్దుగా పెరిగినందున వానికి వేట రాదు, మనుష్యునియెడ భయము లేదు. విడిచిపెట్టినచో ఆకలికో తుపాకికో బలియగును. కనుక బ్రదికినన్నాళ్లు వానిని అచ్చటనే పోషింపవలసి వచ్చుచున్నది. ఒకనాటి ముద్దు ఆ జీవమునకు యావజ్జీవ శిక్షయైనది.

ఇందుండి గ్రహింపవలసినది ఒక్కటే. అడవిజీవమును రక్షించుట యనగా పెంచుకొనుట కాదు. దాని దారిని అది పోవునట్లు చేయుటయే రక్షణము.

మన సీమలో వర్షారణ్యము లేదు. కాని నల్లమల యున్నది. అది వేసవికి మోడై, తొలకరికి పచ్చబడు అడవి. పాత మహబూబునగరు జిల్లాలోను, నల్లగొండ జిల్లాలోను వ్యాపించియున్న అమ్రాబాదు పులుల అభయారణ్యము విస్తీర్ణము సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. 1983లో ప్రకటింపబడిన నాగార్జునసాగర్ - శ్రీశైలము పులుల రక్షితప్రాంతమునుండి, 2014లో రాష్ట్రములు వేరైన పిమ్మట, కృష్ణకు ఉత్తరముననున్న భాగము ఈ పేరుతో వేరుపడినది. అడవి నడుమ పెంటలలో తరతరములుగా చెంచులు కాపురముందురు. వారిలో పలువురు నేడు అటవీశాఖ కావలివారుగా పనిచేయుచు, జాడ చూచి పులి యెటు పోయినదో చెప్పగలవారు.

గాయపడిన పెద్దమృగమునకు చికిత్స చేయవలెనన్న మనకు దిక్కు హైదరాబాదు జంతుప్రదర్శనశాలయే. వైద్యులు మత్తుమందుతోను బోనుతోను బయలుదేరి మన యూరు చేరుసరికి కొన్ని గంటలు గడచును. ఆ కొన్ని గంటలు ఎవరివి? వైద్యునివి కావు, ప్రభుత్వమువి కావు. అవి ఊరివి. జీవము దక్కుటయు దక్కకపోవుటయు ఆ గంటలలో మనము నడచుకొను తీరునుబట్టి యుండును.

దీనికి నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలమే సాక్ష్యము. 2020వ సంవత్సరమున ఆ యొక్క మండలముననే రెండు చిరుతపులులు, జనవరిలో ఒకటి, మే నెలలో ఒకటి, పొలముల చెంత తీగలలో చిక్కుకొన్నవి. మొదటిదానిని హైదరాబాదునకు ప్రాణములతో చేర్చగలిగిరి. రెండవది పెనుగులాడి సిబ్బందిని గాయపరచినది. తుదకు పట్టుబడినను దాని ప్రాణము నిలువలేదు. ఆ తీగలు చిరుతలకొరకు పన్నినవి కావు, పందులకొరకు పన్నినవి. కాని ఉచ్చునకు మృగభేదము తెలియదు. నడుమునకు బిగిసిన తీగ, మీద మండువేసవి యెండ, చుట్టును కేకలు వేయు జనము: ఇవి మూడును కూడినచో ఎంతటి బలమైన మృగమునకైనను లోపల గుండె చెడును. ఆపైన మత్తుమందు పడినప్పుడు తట్టుకొనలేదు.

కృష్ణకు ఆవలియొడ్డున జరిగినది ఇంకొకటి చెప్పెదను. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురము చెంత గ్రామస్థులకు నాలుగు పులిపిల్లలు కనబడినవి. తల్లి లేదు. ఊరికుక్కలు చంపివేయునని భయపడి, వారు వానిని ఒక గదిలో నుంచి అటవీశాఖకు కబురంపిరి. అధికారులు వందలకొలది సిబ్బందితో తల్లికొరకు గాలించిరి. పిల్లలను అడవిలోనికి కొనిపోయి, తల్లి వచ్చునేమో యని రాత్రివేళ వేచిరి. తల్లి రాలేదు. చివరకు నాలుగింటిని తిరుపతి జంతుప్రదర్శనశాలకు పంపవలసి వచ్చినది. ఆ గ్రామస్థులను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. పులిపిల్లలను చంపక, దాచక, అమ్మక, అధికారుల కప్పగించిన ఊరు మెచ్చదగిన ఊరు. అంతమంది అన్ని విధముల యత్నించినను ఆ పిల్లలకు తల్లిని చేర్చలేకపోయిరి. తల్లి చేయు పనిని మనుష్యుడు చేయలేడని ఆ నాలుగు పిల్లలును మనకు చెప్పుచున్నవి.

అయినచో అట్టి సమయమున ఊరిపెద్ద చేయవలసినదేమి? నాలుగు మాటలలో చెప్పెదను.

మొదటిది, జనమును దూరముగా నుంచుడు. కుక్కలను కట్టివేయుడు. పిల్లలను ఇండ్లకు పంపుడు. ఫోనులతో బొమ్మలు తీయుటకు దగ్గరకు పోవు కుర్రవారిని గద్దించుడు. మీ మాట వినునంతగా వారు పోలీసువారి మాటయైనను వినరు.

రెండవది, వెంటనే అటవీశాఖకు తెలుపుడు. బీటు అధికారి ఫోను నంబరును నేడే గ్రామపంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు. ఆపద వచ్చినప్పుడు వెదకుట కాలహరణము.

మూడవది, ముట్టకుడు, మేపకుడు, పాలు పట్టకుడు. జింకపిల్ల దెబ్బ తగలక పండుకొని యున్నచో దాని మానాన దానిని విడిచి దూరమునుండి కనిపెట్టుడు. బావిలో పడినదైనచో రాళ్లు విసరనీయకుడు.

నాల్గవది, అధికారులు వచ్చిన పిదప జీవమును వారి కప్పగించి, మన యింట నుంచుకొందుమను మాట మానుడు. చిలుకను పంజరమున పెట్టుటయు, నక్షత్రపు తాబేటిని ఇంట నుంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరములే.

ఈ మాటలు వినుచున్న రైతు నన్నొకటి యడుగవచ్చును: "అయ్యా, నా వేరుసెనగ చేను పందులపాలైనప్పుడు ఎవరు వచ్చిరి? మక్తల్ దిక్కున కృష్ణజింకల మందలు పైరు తినిపోయినప్పుడు ఎవరు కన్నీరు తుడిచిరి?" ఇది న్యాయమైన ప్రశ్న. మృగమును కాపాడుమని చెప్పువారు రైతును మరచినచో ఆ ధర్మము నిలువదు. పశువును పులి చంపినచో కళేబరమును కదలింపక వెంటనే తెలిపి, పంచనామా చేయించి, పరిహారము రాబట్టుకొనుడు. అది రైతు హక్కు, దయాభిక్ష కాదు. ఆలస్యమైనచో ఊరంతయు కలిసి యడుగవలెను. కాని కోపముతో కళేబరమునకు విషము పూయుటయు, చేనుచుట్టును కరెంటు తీగ లాగుటయు పరిష్కారములు కావు. ఆ తీగకు పందియొక్కటే చావదు. చీకటిలో నీరు పెట్టబోయిన పక్కచేని పాలివాడును చచ్చును. ఆ పాపము ఏ పంటతో తీరును?

ఆపద రాకమునుపు చేయవలసిన సేవయు కలదు. వేసవిలో అటవీశాఖవారు అడవిలో నీటితొట్లు నింపుదురు, అందుకు సాయపడవచ్చును. బీడీముక్క నిప్పు ఆర్పి పారవేయుట, గట్టుమీది గడ్డికి పెట్టిన మంట అడవికి పాకకుండ కాచుట కూడ సేవయే. చైత్ర పౌర్ణమికి సలేశ్వరము జాతరకు పోవువారు, తాము కొనిపోయిన ప్లాస్టిక్కు సంచులను సీసాలను తిరిగి తెచ్చుట పెద్ద పుణ్యకార్యము. శ్రీశైలము దారిలో బండి నాపి కోతులకు అరటిపండ్లు విసరుటను పుణ్యమనుకొందురు. దానివలన అవి రోడ్డునకు అలవాటుపడి చక్రముల క్రింద నలుగుచున్నవి. హైదరాబాదున 1995లో ఏర్పడిన సర్పమిత్రుల సంఘము వంటివి ఇండ్లలో దూరిన పాములను నేర్పుతో పట్టి, చంపక దూరముగా విడిచివచ్చుచున్నవి. అట్టి శిక్షణ పొందిన యువకుడు మండలమునకు ఒక్కడున్నను మేలు. శిక్షణ లేనివాడు సాహసింపరాదు.

పెద్దలారా! సేవ చేయుటకు బోర్నియోకు పోనక్కరలేదు, బొలీవియాకు పోనక్కరలేదు. అడవిజీవము మన గట్టుమీదికి వచ్చిన నాడు మన యూరే రక్షణకేంద్రము. మీరే దానికి అధికారులు. అచ్చటి యువకులు నెలలతరబడి కష్టించి చేయు సేవను మీరు ఒక్క గంట నిబ్బరముతో చేయవచ్చును. ఆ గంటలో మీరు చేయవలసినది బహుస్వల్పము. చేయకుండ ఆపవలసినదే యెక్కువ.

ఆ తంగేడుపొద కడకు మరల పోవుదము. రైతు జింకపిల్లను చూచెను. ఈమారు దానిని ఎత్తుకొనలేదు. మెల్లగా వెనుకకు తిరిగి, కుక్కను పిలుచుకొని, ఆ పూట ఆ గట్టువైపు ఎవరిని పోనీయక రెండవవైపు దున్నుకొనెను. సాయంకాలము దూరమున ఒక ఆడజింక తల యెత్తి చూచి, ఎవరును లేరని నమ్మి, పొదవైపు నడచెను. ఆ రైతును ఊరిలో మెచ్చుకొన్నవారు లేరు. ఆ సంగతి ఎవరికిని తెలియదు. అయినను దయ యనిన అదియే.