నాదానికి నెలవు

పారిస్ నగరంలోని లా విలెట్ ప్రాంతంలో 1867 నుండి 1974 వరకు పశువధశాలలు నడిచాయి. అవి మూతపడిన పిమ్మట ఆ నేలపై క్రిస్టియన్ ద పోర్జాంపార్క్ రూపకల్పనలో సంగీత నగరం వెలసింది. అందులో 1997లో వాద్యాల ప్రదర్శనశాల తెరుచుకొంది. కలకత్తాకు చెందిన రాజా సౌరీంద్ర మోహన్ ఠాగూర్ 19వ శతాబ్దంలో పారిస్ సంగీత విద్యాలయానికి బహూకరించిన భారతీయ వాద్యాలు నేడు అక్కడి సంపదలో భాగమే.

వాద్యాన్ని అద్దాల బీరువాలో భద్రపరచవచ్చు. నాదాన్ని భద్రపరచడం ఎట్లు? జీర్ణించిన వాద్యానికి తంత్రులు బిగిస్తే కొయ్య పగులవచ్చు. బిగించకుంటే అది మూగదే. కనుక అక్కడి సందర్శకుడు తాను చూస్తున్న వాద్యపు పలుకును హెడ్‌ఫోన్‌లో వింటాడు. అదే ప్రాంగణంలో కచేరీ మందిరమూ ఉంది.

మూతపడిన మిల్లులను కళలకు కేటాయించదలచిన మనవారు తొలుత నాదానికి చోటు చూపి, ఆ పిమ్మటే గోడల అలంకరణ తలపెట్టాలి.