రోజూ తిరిగే బండి - దానికి తగిన గేరు బాక్సు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శి గారు అడిగినప్పుడు మేము కొంత వెనకాడిన మాట నిజం. ఈ వేదిక మీద చదువును గురించి, వైద్యాన్ని గురించి, చట్టాన్ని గురించి చెప్పగల పెద్దలు ఎందరో ఉన్నారు. మేము చేతులకు గ్రీజు అంటిన వాళ్ళము. "మీకు తెలిసిందే చెప్పండి, మన పిల్లలు చాలామంది ఆ పనిలోనే ఉన్నారు గదా" అని ఆయన అన్న మీదట ఒప్పుకొన్నాము. మేమంటే ముగ్గురము. కువైట్‌లోని షువైఖ్ పారిశ్రామిక వాడలో ఒకే గ్యారేజీలో పనిచేసి, ఒకే గదిలో వండుకు తిన్నవాళ్ళము. ఈ ప్రసంగం కూడా ముగ్గురం కూర్చొని రాసుకున్నదే.

అక్కడ మా పని అమెరికా పికప్ ట్రక్కుల ఆటోమేటిక్ గేరు బాక్సులు విప్పి బాగుచేయడం. "పాత గేరు బాక్సు తీసి మంచిది వేయండి, కన్వర్టర్ కూడా మార్చండి" అని వచ్చే యజమానులు చాలామంది ఉండేవారు. ఆ మార్పులో లాభమెంత, ఎక్కడ మోసపోతాము, మేము ఎక్కడ తప్పు చేశాము అనేది ఈ రోజు మనవి చేసుకుంటాము.

ముందుగా కన్వర్టర్ అంటే ఏమిటో ఇంట్లో ఆడవాళ్ళకు కూడా అర్థమయ్యేట్టు చెబుతాము. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టండి. ఒక్కదానికే స్విచ్ వేయండి. దాని గాలికి రెండోది కూడా మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. టార్క్ కన్వర్టర్ కూడా ఇంతే. గాలికి బదులు లోపల నూనె ఉంటుంది. ఇంజనుతో తిరిగే ఫ్యానును ఇంపెల్లర్ అంటారు. గేరు బాక్సును తిప్పే ఫ్యాను టర్బైన్. ఈ రెంటి నడుమ స్టేటర్ అని చిన్న చక్రం ఉంటుంది. టర్బైన్ నుంచి ఎదురు తిరిగి వచ్చే నూనెను అది దారి మళ్ళించి, ఇంపెల్లర్ తిరిగే వైపుకే పంపుతుంది. అందువల్ల బండి కదిలేటప్పుడు ఇంజను లాగుడు ఇంచుమించు రెండింతలవుతుంది. క్లచ్ పెడల్ లేకుండానే బరువు బండి మెత్తగా కదలడానికి కారణం ఇదే.

దీన్ని కనిపెట్టినవాడు హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు. 1905లో ఓడల కోసం పేటెంటు తీసుకొన్నాడు. 1948లో బ్యూక్ కంపెనీ డైనాఫ్లో పేరుతో దీన్ని కార్లలో పెట్టింది. 1949లో ప్యాకర్డ్ కంపెనీ దీనికి లాకప్ క్లచ్ జతచేసింది. లాకప్ అంటే, బండి వేగం అందుకున్నాక ఇంపెల్లర్‌నూ టర్బైన్‌నూ ఒకటిగా బిగించేసే ఏర్పాటు. అది లేకపోతే రెండు ఫ్యాన్ల మధ్య ఎప్పుడూ కొంత జారుడు ఉంటూనే ఉంటుంది. జారుడంటే వేడి. వేడే గేరు బాక్సుకు మృత్యువు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాదంతా అర్థమైపోతుంది.

ఇక మా కథ. 1994 వేసవి. 1983 నాటి షెవ్రొలె పికప్ ఒకటి మా గ్యారేజీకి వచ్చింది. 350 ఘనపు అంగుళాల పెట్రోలు ఇంజను. మేము టర్బో 350 అని పిలిచే మూడు గేర్ల పాత బాక్సు. బండి కువైటీ యజమానిది. తోలేది మన కడప జిల్లా పెద్దాయన. అందరం ఆయన్ను చాచా అనేవాళ్ళం. రోజూ తెల్లవారుజామున కూరగాయల మార్కెట్టు నుంచి సరుకెత్తి పది పన్నెండు దుకాణాలకు వేయడం ఆయన పని. ఒక్కరోజు బండి ఆగితే సరుకంతా పాడే.

పెట్రోలు ఖర్చు తగ్గాలి, లాగుడు పెరగాలి అన్నాడు యజమాని. కోరిక సరైనదే. నాలుగు గేర్ల 700ఆర్4 బాక్సు వేద్దామన్నాము. అది 1982లో వచ్చింది. పాత బాక్సులో మొదటి గేరు 2.52 అయితే దీనిలో 3.06. అంటే బరువుతో కదిలేటప్పుడు నూటికి ఇరవై వంతులు ఎక్కువ లాగుడు. పాతదానిలో పై గేరు 1.00 దగ్గర ఆగిపోతుంది. దీనిలో నాలుగో గేరు 0.70. మూడో గేరులో ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగే వేగంలో, నాలుగో గేరులో 2100 చుట్లు చాలు. మిగిలిన 900 చుట్లకు పెట్రోలు మిగులు, ఇంజనుకు అరుగుదల తక్కువ. లెక్క బాగానే ఉంది.

తప్పు కన్వర్టర్ దగ్గర జరిగింది. ప్రతి కన్వర్టర్‌కూ స్టాల్ స్పీడ్ అని ఒకటి ఉంటుంది. బ్రేకు తొక్కిపట్టి, గేరులో పెట్టి, యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను ఎన్ని చుట్ల వరకు ఎక్కి ఆగిపోతుందో అదే స్టాల్. పందేల బండ్లకు ఎక్కువ స్టాల్ కావాలి, ఎందుకంటే వాటి ఇంజన్లకు బలం వచ్చేదే పై చుట్లలో. రోజూ సరుకు మోసే బండికి తక్కువ స్టాల్ కావాలి. ఆ సమయానికి గ్యారేజీలో పందెం బండి నుంచి తీసిన 3000 స్టాల్ కన్వర్టర్ ఒకటి ఉంది. చవకలో పోతుంది, పైగా "స్పెషల్" అని పేరు. గ్యారేజీ పెద్ద అదే వేయమన్నాడు. మేము వేశాము. అది తగదని మాకు ఆ పాటికే సగం తెలుసు. అయినా ఎదురు చెప్పలేదు. ఇది ఒకటో తప్పు.

రెండోది. 700ఆర్4లో లాకప్ పనిచేయాలంటే దానికి ఒక కరెంటు తీగ కలపాలి. పాత బండిలో ఆ తీగ ఉండదు, కొత్తగా లాగాలి. సాయంత్రమైంది, బండి ఇచ్చేయాలన్న తొందర. "తర్వాత కలుపుదాంలే" అని తీగను ముడిచి వదిలేశాము. మూడోది, నూనె చల్లబరచడానికి విడి కూలర్ పెట్టలేదు. రేడియేటర్‌లో ఉన్నదే చాలనుకున్నాము. కువైట్ జూలై ఎండ 45 డిగ్రీలు దాటుతుందని మాకు తెలియదా? తెలుసు.

ఇప్పుడు ఈ మూడింటినీ కలిపి చూడండి. నాలుగో గేరులో ఇంజను తిరిగేది 2100 చుట్లు. కన్వర్టర్ గట్టిగా పట్టేది 3000 దగ్గర. బలంగా పట్టుకొనే చోటికి అది ఎప్పుడూ చేరదు. బిగించవలసిన లాకప్‌కు కరెంటే లేదు. దారి పొడుగునా జారుడే. ఆ వేడిని తీసివేసే కూలరూ లేదు. మెకానిక్కుల్లో ఒక మోటు లెక్క ఉంది: నూనె వేడి 80 డిగ్రీలుంటే అది లక్ష మైళ్ళు పనికొస్తుంది, పైన ప్రతి 11 డిగ్రీలకు ఆయుర్దాయం సగమైపోతుంది. 113 డిగ్రీలకు చేరేసరికి మిగిలేది పన్నెండున్నర వేల మైళ్ళు. ఇంకా పైకి పోతే లెక్కలు కూడా ఉండవు, రబ్బరు సీళ్ళు గట్టిపడి క్లచ్ ప్లేట్లు మాడిపోతాయి.

సరిగ్గా మూడు వారాలకు బండి ఆరో రింగు రోడ్డు మీద ఆగిపోయింది. చాచా ఎండలో రెండు గంటలు నిలబడ్డాడు. టమాటాలు ఉడికిపోయాయి. బండిని లాక్కొచ్చి మా ముందు పెట్టారు. నూనె కొలపుల్ల తీసి వాసన చూస్తే మాడిన వాసన, రంగు నలుపు. విప్పకముందే మా ముగ్గురికీ కారణం తెలిసిపోయింది.

గ్యారేజీ పెద్ద మాత్రం యజమానితో "డ్రైవరు మోటుగా తోలాడు" అన్నాడు. యజమాని నమ్మాడు. చాచా జీతం 90 దినార్లు. అందులో నెలకు 20 చొప్పున నష్టం పూడేవరకు కోత వేస్తానన్నాడు. చాచా మా దగ్గరకు వచ్చి అడిగిన మాట ఇన్నేళ్ళైనా మరపుకు రాదు. "బేటా, ముప్పై ఏళ్ళు లారీ తోలినోణ్ణి. నా కాలు తప్పా, బండి తప్పా? నిజం చెప్పండి. నా తప్పయితే నేనే కట్టుకుంటా."

మేము రెండు రోజులు నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. మూడో రాత్రి గదిలో అన్నం ముందు పెట్టుకొని ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఆయన కూతురి పెళ్ళికి దాచుకుంటున్న డబ్బు మన నోటిమాట లేక పోతున్నది గదా అని ఒకరన్నారు. తెల్లవారి యజమాని దగ్గరకు ముగ్గురమూ కలిసే వెళ్ళి, కన్వర్టర్ సంగతి, ముడిచిన తీగ సంగతి, కూలర్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాము. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు చాచా కోత రద్దు చేశాడు. గ్యారేజీ పెద్ద మాత్రం సామాను ఖర్చులో సగం మా జీతాల నుంచే పట్టుకొన్నాడు. అది మాకు పడవలసిన దండుగే.

రెండోసారి పని ఎలా చేశామో చెబుతాము. ఇది పని నేర్చుకునే పిల్లలకు పనికి వస్తుంది. పాత నూనెలో ప్లేట్ల పొట్టు ఉంటుంది గనుక కూలర్ గొట్టాలన్నీ కడిగాము. ఇది చేయకపోతే పాత మురికి కొత్త బాక్సులోకి చేరి అదే జబ్బు తిరగబెడుతుంది. స్టాల్ 1800 ప్రాంతంలో ఉన్న లాకప్ కన్వర్టర్ తెప్పించాము. బిగించే ముందు దానిలో ఒక లీటరు నూనె పోశాము. కన్వర్టర్‌ను బాక్సులోకి తోసేటప్పుడు తిప్పుతూ తోయాలి, అది మెట్టు మెట్టుగా లోపలికి దిగుతుంది. పూర్తిగా దిగితే దానికీ ఇంజను ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల సందు కనబడుతుంది. ఆ సందు లేకుండానే బోల్టులు బిగించి లాగితే ఇంజను స్టార్టు చేసిన క్షణంలో నూనె పంపు పగులుతుంది. తొందరపడే కుర్రవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

లాకప్ తీగ కలిపాము. రేడియేటర్ ముందు విడి కూలర్ పెట్టాము. చాచా కళ్ళ ముందు ఉండేట్టు నూనె వేడి చూపే మీటరు బిగించాము. ఆఖరుకు టీవీ కేబుల్. టీవీ అంటే మన ఇంట్లో చూసే టీవీ కాదు, థ్రాటిల్ వాల్వ్. కార్బురేటర్ నుంచి బాక్సుకు పోయే ఈ తీగను బట్టే లోపలి నూనె ఒత్తిడి పెరుగుతుంది. అది వదులుగా ఉంటే ఒత్తిడి చాలక ప్లేట్లు జారుతాయి, కొత్త బాక్సు కూడా కొద్ది రోజుల్లో కాలిపోతుంది. అందుచేత దాన్ని సరిచూడకుండా బండిని వీధిలోకి పోనివ్వలేదు. నూనె మట్టం కూడా ఇంజను ఆపి చూసేది కాదు. ఇంజను నడుస్తుండగా, పార్కులో పెట్టి, నూనె వేడెక్కాక చూడాలి.

ఆ బండి తర్వాత చాచా ఊరికి వచ్చేసేవరకు, అంటే 2001 వరకు, మళ్ళీ బాక్సు విప్పించుకోలేదు. ఆయన కూతురి పెళ్ళికి మా ముగ్గురికీ పిలుపు వచ్చింది. ఊళ్ళో ఉన్నది ఒక్కరమే, ఆ ఒక్కరం వెళ్ళాము.

ఇదంతా ఇక్కడ ఎందుకు చెబుతున్నామంటే, ఇప్పుడు మన విజయవాడ, హైదరాబాదు రోడ్ల మీద కూడా ఆటోమేటిక్ బండ్లు పెరిగాయి. ఆటోనగర్ షెడ్లలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. ఒక తేడా వారికి తెలియాలి. 2014లో సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీ పద్ధతిలో టార్క్ కన్వర్టర్ ఉండదు. అది మామూలు గేరు బాక్సే, క్లచ్ నొక్కడం, గేరు మార్చడం యంత్రం చేస్తుంది. 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్‌లో ఉన్నది నిజమైన టార్క్ కన్వర్టర్. రెండింటి వైద్యం వేరు. రెంటికీ ఒకే మందు వేస్తే యజమానికి నష్టం, షెడ్డుకు చెడ్డపేరు.

బండి ఉన్న సభ్యులకు మా విన్నపం ఒక్కటే. "దీన్ని మార్చితే బండి పవరు పెరుగుతుంది" అని ఎవరైనా చెబితే నాలుగు ప్రశ్నలు అడగండి. నా బండి రోజూ ఎంత బరువు మోస్తుంది? మామూలు వేగంలో ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతుంది? ఈ కన్వర్టర్ స్టాల్ అంతకంటే తక్కువా, ఎక్కువా? పుట్టే వేడి ఎటు పోతుంది? వీటికి జవాబు చెప్పలేనివాడు ఎంత చవకగా చేస్తానన్నా బండి ఇవ్వకండి. పందెం బండికి పనికొచ్చిన సామాను పొట్టపోసే బండికి పనికి రాదు.

పని నేర్చుకునే పిల్లలకు మరో మాట. తెలియక చేసిన తప్పుకు పాఠం ఉంటుంది. తెలిసీ నోరు మూసుకొన్న తప్పుకు ఎవరో ఒక చాచా జీతం పోతుంది. షెడ్డు యజమాని చెప్పాడు గదా అనుకోకండి, బోల్టు బిగించింది మీ చెయ్యే.

మా షెడ్డులో పాత బాక్సు ఒకటి, నిలువునా కోసిన కన్వర్టర్ ఒకటి ఉంచాము. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత ఏ పిల్లవాడు వచ్చినా విప్పి చూపిస్తాము. ఫీజు లేదు. బట్టలు మాత్రం పాతవి వేసుకొని రావాలి.