బొల్లారము – ప్రపంచ విపణి

ఆశ్వయుజము వచ్చినదనగా బొల్లారము రైలుస్టేషను దారిలో సీతాఫలముల గంపలు దిగును. శామీరుపేట, మేడ్చలు దిక్కుల గుట్టలమీదను, పొలముగట్లమీదను ఎవరును నాటకయే పెరిగిన చెట్ల కాయలవి. సీతమ్మవారి పేరు పెట్టుకొన్న ఈ ఫలము మన అడవులలో పుట్టినదే యని చిన్ననాడు మేమును నమ్మితిమి. దాని పుట్టినిల్లు అమెరికా ఖండము. మిరపకాయయు అక్కడిదే. పోర్చుగీసు ఓడలు దానిని తేకమునుపు మన పూర్వులు కారమునకు మిరియమును, పిప్పలిని వాడుకొనెడివారు. సీమచింత తన 'సీమ'ను పేరులోనైనను నిలుపుకొన్నది. తక్కిన రెండును ఆ గుర్తును కూడ చెరిపివేసికొని మన యింటివైపోయినవి.

శ్రోతలారా! 1991లో భారతప్రభుత్వము ఆర్థిక సంస్కరణలకు పూనుకొన్ననాటినుండియు 'ప్రపంచీకరణము' అను మాట మనకు తరచుగా వినవచ్చుచున్నది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడిన పిమ్మట అది మరింత ప్రచారమునకు వచ్చెను. అందువలన ఇది నిన్నమొన్నటి వింత యని పెక్కుమంది తలంపు. సరకులు, ధనము, మనుష్యులు, వ్యాధులు, విద్యలు ఎల్లలు దాటి ఒకచోటి బ్రతుకును మరియొకచోటి బ్రతుకుతో ముడివేయుటయే దీని అర్థమైనచో, తెలుగుదేశమునకు ఆ ముడి చాల పాతది. ముడి పడినమాట అందరును ఎరుగుదురు. దానిని వేసిన చేయి యెవరిదో, నిబంధనలు వ్రాసిన దెవరో, ఖర్చు భరించిన దెవరో ఈ పూట మా ఊరి పరిసరములనుండి కొంత విచారింతము.

ముందుగా మన తీరమునకు పోవలెను. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున ఒక శాసనము వేయించెను. అంతకుముందు ఓడ తుపానుకు చిక్కి ఒడ్డునబడినచో అందలి సరకునంతయు రాజులు బలవంతముగ తీసికొనెడివారు. సముద్రముమీద ప్రాణమొడ్డి వచ్చు వర్తకులనుండి నిర్ణీతమైన సుంకము తప్ప వేరేమియు గైకొనమని గణపతిదేవుడు అభయమిచ్చెను. గంధము, కర్పూరము, దంతము, ముత్యములు, పట్టునూలు, రాగి, సీసము మొదలైన వానిపై సుంకమెంతో ఆ రాతిమీదనే చెక్కబడియున్నది. కొన్ని దశాబ్దముల పిమ్మట వెనీసు వర్తకుడు మార్కోపోలో ఈ రేవు రాజ్యమును 'ముత్ఫిలి' యని పేర్కొని, ఇచటి వజ్రములను, సాలెగూడువంటి సన్నని వస్త్రములను పొగడెను. విదేశ వ్యాపారము అప్పుడును ఉన్నది. దాని షరతు లీదేశపు రాతిమీద, ఈదేశపు రాజు వ్రాయించినవి.

మచిలీబందరులో ఇంగ్లీషువారు 1611లో వర్తకశాల పెట్టిరి. డచ్చివారు అంతకుముందే వచ్చియుండిరి. కోరమండలు తీరపు అద్దకపు బట్టలు ఐరోపాలో ఎంత వ్యాపించినవనగా, 1686లో ఫ్రాన్సు వానిని నిషేధించెను. 1700లో ఒకసారియు, 1721లో మరియొకసారియు ఇంగ్లండు పార్లమెంటు వానికి అడ్డుగ చట్టములు చేసెను. తరువాత మనకు స్వేచ్ఛావ్యాపారమును బోధించిన దేశములే తమ సాలెవాని కూటికి ముప్పు వచ్చినప్పుడు తలుపు బిగించుకొనుటకు సందేహింపలేదు. మరి మాంచెస్టరు మిల్లుబట్ట ఇటు వచ్చునాటికో, మన సాలెవానికై తలుపు వేయదగిన ప్రభుత్వ మిచట లేకపోయెను.

బొల్లారము ఈ కథలో తుపాకి పట్టుకొని ప్రవేశించినది. హైదరాబాదు రెసిడెంటుగ నుండిన హెన్రీ రస్సెల్ నిజాముగారి ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల క్రింద నొక సేనను పెంచెను. అదియే పిమ్మట హైదరాబాదు కంటింజెంటు అనిపించుకొన్నది. బొల్లారము దాని ముఖ్య స్థావరమయ్యెను. జీతము నిజాముది, ఆజ్ఞ కుంపినీది. ఆ జీతములకై మంత్రి చందూలాలు విలియం పామరు కొఠీనుండి అప్పులు తెచ్చెను. వడ్డీ నూటికి ఇరువదికి పైబడి నడచెను. ఆ కొఠీ భాగస్వామి యగు రంబోల్డు, గవర్నరు జనరలు హేస్టింగ్సు పెంచిన పిల్లను వివాహమాడినవాడు. ధనమునకు ఎల్లలు లేవందురు గాని చుట్టరికములు మాత్రము అప్పటికే ఉన్నవి!

1823లో ఆ బాకీ తీర్చుటకు నిజాముగారు విడిచిపెట్టినదేమి? ఉత్తర సర్కారులకుగాను కుంపినీ ఏటేట చెల్లింపవలసిన 7 లక్షల రూపాయల పేష్కషు. అనగా బొల్లారము సేన బాకీ క్రింద, తెలుగు తీరపు జిల్లాల పేర రావలసిన సొమ్ము శాశ్వతముగ చెల్లిపోయెను. అయినను సేన ఖర్చు నిలువలేదు. బాకీలు మరల పెరిగెను. 1853 మే 21వ తేదీని నిజాము నాసిరుద్దౌలా క్రొత్త ఒడంబడికకు లోబడవలసివచ్చెను. సేన పోషణకై బేరారు సీమ కుంపినీ పాలన క్రిందికి పోయెను. ఆ తరువాత వారము తిరుగకమునుపే మంత్రి సిరాజుల్‌ముల్కు మరణించెను.

బేరారు నల్లరేగడి నేల, పత్తికి పేరుపడినది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి, అచటి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకపోయెను. వెంటనే బొంబాయిలో పత్తి ధర మిన్నుముట్టెను; 1865లో యుద్ధము ముగియగానే కూలెను. 1867 నాటికి బొంబాయి రైలుమార్గము బేరారు మీదుగ నాగపురము చేరెను. 1870లో ఖాంగాము పత్తిసంతకు ప్రత్యేకముగ నొక శాఖామార్గము వేసిరి. జొన్న పండిన చేలు పెక్కులు పత్తికి మరలెను. 1899–1900 కరవులో, రైలుబాట ఉన్న ఆ సీమలోనే జనము వేలకువేలు మరణించిరి. పత్తి పోయిన బాటననే జొన్నలు రావచ్చును గదా యందుము. కొనుటకు చేత డబ్బులేనివాని గుమ్మమునకు అవి రాలేదు. తుదకు 1902లో, ఏటికి 25 లక్షల రూపాయల కౌలుకు బేరారు ఇంగ్లీషువారికి శాశ్వతముగ దక్కెను.

బొల్లారము కవాతు మైదానమున నిలిచిన సిపాయి తన నెలజీతమునకు ఇంత పద్దు ఉన్నదని ఎరిగియుండడు. 1860లో కట్టిన రెసిడెంటు విడిది స్వాతంత్ర్యానంతరము రాష్ట్రపతి నిలయమైనది. 2023 నుండి సామాన్య జనులకును ఏడాది పొడవున ప్రవేశము లభించినది. అచటి తోట చక్కనిది. చూడబోవువారు ఈ పద్దును కూడ ఒకమారు తలచుకొనవచ్చును.

విద్యలు దేశములు దాటిన తీరును చూతము. 1897 ఆగస్టు 20వ తేదీని బేగంపేటలో రోనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ దోమలకు తన రక్తమిచ్చిన రోగి హుసేనుఖాను. కుట్టిన దోమ కొక అణా చొప్పున అతనికి ముట్టినది. రాస్‌కు 1902లో నోబెలు బహుమానము వచ్చెను. కనుగొన్న సంగతి మాత్రము లోకమందరిదయ్యెను.

మందుల సంగతి అట్లు కాదు. మందు చేయు విద్యకు యజమానులుందురు. మన దేశపు 1970 నాటి పేటెంటు చట్టము మందు తయారుచేయు పద్ధతికే గాని మందునకు హక్కు ఇయ్యలేదు. ఆ వెసులుబాటువలన, బాలానగరులో సోవియటు సహాయముతో నెలకొన్న ప్రభుత్వ కర్మాగారమునందు పని నేర్చినవారివలన హైదరాబాదు మందుల పరిశ్రమ ఎదిగెను. 1990లలో వరప్రసాదరెడ్డిగారు హెపటైటిస్-బి టీకాకై విదేశ సంస్థల నాశ్రయింపగా సాంకేతిక విద్య దొరకలేదు. ఒమను దేశపు పెట్టుబడి తోడుగ శాంతా బయోటెక్నిక్సు సంస్థను 1993లో స్థాపించి, 1997లో ఇచటనే ఆ టీకాను తయారుచేయించిరి. దిగుమతి టీకా ధర పక్కన దాని ధర స్వల్పము. మేడ్చలు పేరు ఆ విధముగ టీకాల పటమునకెక్కినది. 2005నుండి వస్తు పేటెంట్లు మన దేశమున అమలునకు వచ్చెను. 2009లో శాంతా సంస్థ ఫ్రాన్సు దేశపు సనోఫీ చేతికి పోయెను. ఇది లాభమా నష్టమా యని మమ్మడిగినచో, టీకా చౌకగ దొరకిన బిడ్డకు లాభమే. దానిని సాధించిన పట్టుదల పరాయి చేతికి పోవుట మాకు వెలితిగనే తోచును.

శామీరుపేట దాపున 1999లో జీనోమ్ వ్యాలీ వెలసెను. కోవిడు కాలమున కోవాగ్జిను పుట్టినది అచటనే. క్రిమిని పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ ఇచ్చెను. టీకాకు బలమిచ్చు ద్రవ్యము అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున కనుగొనబడినది. 2020 డిసెంబరు 9వ తేదీని అరువదిమందికి పైగ విదేశ రాయబారులు హైదరాబాదు వచ్చి మన టీకా సంస్థలను చూచిపోయిరి. అయిదు నెలలు తిరుగకమునుపే మన వీధులలో ప్రాణవాయువునకు వెదుకులాట పుట్టెను. 2021 మే నెలలో తెలంగాణమున కోవాగ్జిను రెండవ మోతాదు కొరవడెను. ఆ టీకా తయారగు చోటు మచ్చ బొల్లారమునకు పాతిక మైళ్లు కూడ లేదు. మేము మొదటి మోతాదు చీటీ చేతబట్టుకొని తెల్లవారుజాముననే వరుసలో నిలిచి, మధ్యాహ్నమునకు ఉత్తచేతులతో మరలి వచ్చితిమి.

మా వీధిలో నొక వృద్ధదంపతులు రెండు మోతాదులును తీసికొనియే ఉండిరి. అమెరికాలో కోడలికి నెలలు నిండుచున్నవి. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరింపని టీకా వేసికొన్నవారిని అనేక దేశములు టీకా వేసికొననివారిగనే లెక్కించెను. తమ ఊరి పొరుగున తయారైన టీకాకు జెనీవానుండి ముద్ర పడువరకు ఆ యిల్లాలు వార్తలకై చెవులు రిక్కించుకొని కూర్చుండెను. 2021 నవంబరు 3వ తేదీని అంగీకారము వచ్చెను. 8వ తేదీనుండి అమెరికా టీకా వేసికొన్న విదేశీయులకు ద్వారములు తెరచెను. మనుమడు అంతకు పదిదినముల ముందే పుట్టెను. వారు డిసెంబరులో బయలుదేరునప్పుడు, మేము పెట్టెలు మోయుటకు సాయముపోతిమి. పెద్ద పెట్టెలో సగము బాలింతకు కావలసిన కాయము సామగ్రి. తక్కిన సగము, విమానములో పగులునని గుడ్డలో మూడుచుట్లు చుట్టిన కారపుపొడి సీసాలు.