రంగుల కార్డు వెనక

 

డిజైన్ పట్టా అందుకుని రేపు ఉద్యోగంలో చేరగానే మీ ముందుకో రంగుల కార్డు వస్తుంది. వచ్చే సీజన్‌లో నడిచే రంగులివీ అంటారు. వినడానికి జోస్యంలా ఉంటుంది గానీ, అది వ్యాపారులు తమలో తాము చేసుకున్న ఒప్పందం.

ఆ ఒప్పందం కథ వినండి. 1914లో యూరప్‌లో యుద్ధం మొదలైంది. అప్పటిదాకా అమెరికా మిల్లులు పారిస్ కార్డులు చూసి, జర్మనీ అద్దకపు రంగులు కొని పని నడిపేవి. రెండింటికీ అడ్డం పడింది. దాంతో అమెరికావాళ్లు టెక్స్‌టైల్ కలర్ కార్డ్ అసోసియేషన్ పెట్టుకుని 1915లో సొంత కార్డు వేశారు: పట్టు ముక్కలు, ఒక్కోదానికీ పేరూ నంబరూ. వాళ్ల బెంగ అందం గురించి కాదు. టోపీ ఒకరు చేస్తారు, గౌను ఒకరు, బూట్లు ఇంకొకరు. కొట్లో వాటి రంగులు కలవకపోతే మూడూ మిగిలిపోతాయి. ఆ బెంగ ఇప్పటికీ తీరలేదు. 1963లో పారిస్‌లో మొదలైన ఇంటర్‌కలర్ సంస్థలో దేశదేశాల ప్రతినిధులు కూర్చుని సుమారు రెండేళ్ల ముందే రంగులు అనుకుంటారు. నూలుకు రంగు అద్దాలి, నేయాలి, కుట్టాలి, ఓడ ఎక్కించాలి మరి.

రంగుల నమూనాలు అమ్మే పాంటోన్ కంపెనీ ప్రకటించే ‘ఏడాది రంగు’ 2000వ సంవత్సరానికి సెరూలియన్ నీలంతో మొదలైంది. అది చాలావరకు ప్రచారమే. 2026కి క్లౌడ్ డాన్సర్ పేరిట తెలుపును ప్రకటిస్తే నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

తెలుపు మాటకొస్తే, కార్ల సంగతి చూడండి. పదేళ్లకు పైగా ప్రపంచంలో తెల్ల కార్లదే పైచేయి. ఎర్రది నచ్చినా, రేపు అమ్మబోతే ఎవరు కొంటారోనని తెల్లది తీసుకునేవాళ్లున్నారు. అంటే ఎవరో తెలియని రెండో ఆసామి కోసం మొదటివాడు రంగు ఎంచుతున్నాడు. షోరూం వాళ్లు అది చూసి తెల్లవే తెప్పిస్తారు. ఇక లెక్కల్లో ఎరుపు ఎవరికీ అక్కర్లేనట్టే కనబడుతుంది. అమ్మకాల పట్టిక చూపించి జనం అభిరుచి ఇదేనంటే వెంటనే తలూపకండి.

పోచంపల్లి చేనేతలో చిక్కు ఇంకా పెద్దది. అక్కడ డిజైన్ ప్రకారం నూలును ముందే బిగించి కట్టి రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కాక మార్చే వీల్లేదు. ఈలోగా గాలి మారితే కార్డు వేసినవాళ్లకు పోయేదేమీ లేదు, చీర మాత్రం నేతన్న దగ్గరో, నేయించే మాస్టర్ వీవర్ దగ్గరో ఉండిపోతుంది. అందుకే ఆర్డరు రాసేటప్పుడు రంగు నంబరు పక్కనే, మిగిలిన సరుకు ఎవరు తీసుకోవాలన్నదీ రాయండి. సిలబస్‌లో దీనికి మార్కుల్లేవు. మీ మొదటి మేనేజరు విసుక్కోవచ్చు, విసుక్కోనివ్వండి.