హిరోషిమా నుంచి తుమ్మలపల్లె దాకా

(హిరోషిమా దినమైన 2025 ఆగస్టు 6న కర్నూలు జిల్లాలో జరిగిన రైతుల సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

కలుపు తీసే రోజుల్లో సగం దినం పని వదులుకుని వచ్చారు. మీ టైము ఎక్కువ తీసుకోం.

పోయిన నెల మా కడప వైపు ఒక కుర్రాడు మమ్మల్ని నిలబెట్టి అడిగాడు. "పెద్దాయనా, పగటి పూట తొమ్మిది గంటల కరెంటు కావాలని మీరే ధర్నా చేస్తారు. అణు కరెంటు వద్దని మళ్లీ మీరే ధర్నా చేస్తారు. ఏదో ఒకటి తేల్చుకోండి" అన్నాడు. అడగాల్సిన మాటే అడిగాడు. ఆ పొద్దు మేము సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. మాలో చాలామందిమి పదో తరగతితో చదువు ఆపి మడికి దిగినవాళ్లమే. తర్వాత కూర్చుని చదివాం, తెలిసినవాళ్లను అడిగాం. ఆ జవాబే ఇవాళ ఇక్కడ చెప్తున్నాం. కాకపోతే కరెంటు దగ్గర మొదలుపెట్టం. రాయి దగ్గర మొదలుపెడతాం.

ఈ రోజుకు సరిగ్గా 80 ఏళ్ల కిందట, ఉదయం 8 గంటల 15 నిమిషాలకు, హిరోషిమా పట్నం మీద అమెరికా బాంబు వేసింది. ఆ బాంబులో ఉన్న యురేనియం సుమారు 64 కిలోలు, అంటే ఒక వడ్ల బస్తా బరువు. అందులో నిజంగా పేలింది ఒక కిలో కంటే తక్కువ. ఆ సంవత్సరం ముగిసే లోపల ఒక్క హిరోషిమాలోనే సుమారు 1,40,000 మంది చనిపోయారు. మూడు రోజులకు నాగసాకి మీద వేసింది ప్లుటోనియం బాంబు. అక్కడ సుమారు 70,000 మంది. చచ్చిపోయిన వాళ్లంతా జపాను వాళ్లే కూడా కాదు. కొరియా నుంచి కూలి కోసం బలవంతంగా పట్టుకొచ్చిన వాళ్లు వేలల్లో ఉన్నారు. బతికిన వాళ్లను అక్కడ హిబాకుషా అంటారు. పెళ్లి సంబంధాలు రాక, ఉద్యోగాలు దొరక్క, బాంబు పడిన ఊరి వాళ్లమని చెప్పుకోలేక ఏళ్లు గడిపారు. వాళ్లు పెట్టుకున్న సంఘానికి 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అప్పటికి అందరూ ముసలివాళ్లయిపోయారు.

ఆ నేల మీద 75 ఏళ్లు గడ్డి కూడా మొలవదని అప్పట్లో చెప్పుకున్నారంట. ముందుగా పూసింది గన్నేరు. మన రోడ్ల పక్కన ఎండకు కూడా చావకుండా ఉంటుందే, అదే గన్నేరు. ఇప్పుడు ఆ పట్నానికి అధికారిక పువ్వు అది.

మరి ఆ యురేనియం రాయి ఎక్కడిది? చాలా భాగం ఆఫ్రికాలో కాంగో దేశంలోని షింకోలోబ్వే గనిది. అప్పుడు ఆ దేశం బెల్జియం కింద ఉండేది. ఆ రాయిని తవ్వి మోసిన నల్ల కూలీల గురించి హిరోషిమా దినం నాడు కూడా మాట్లాడేవాళ్లు తక్కువ. బాంబు వేసినవాడి పేరు తెలుసు, బాంబు చేసిన శాస్త్రవేత్త పేరు మీద సినిమా కూడా వచ్చింది. రాయి తవ్వినవాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. మేము మీ ముందుకు వచ్చింది అతని తరఫున.

అమెరికా తన సొంత దేశంలో కూడా తవ్వింది. నవాహో అనే ఆదివాసుల నేలలో 1944 నుంచి 1986 దాకా సుమారు 3 కోట్ల టన్నుల ఖనిజం తీశారు. గనుల్లో గాలి ఆడే ఏర్పాటు సరిగా లేదు. ఆ రాయి నుంచి రేడాన్ అనే వాయువు వస్తుందని, దాన్ని పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయని కూలీలకు చెప్పలేదు. ధూళి బట్టలతోనే ఇంటికి పోయేవాళ్లు, ఆ బట్టలు భార్యలు ఉతికేవాళ్లు. క్యాన్సర్లు వచ్చి మనుషులు రాలిపోయారు. పరిహారం చట్టం వచ్చింది 1990లో. వదిలేసిన గనులు ఈ రోజుకీ 500 పైగా అక్కడే ఉన్నాయి.

1979లో అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ రియాక్టరు ప్రమాదం జరిగింది. అది ప్రపంచమంతటికీ తెలుసు. అదే ఏడాది జూలై 16న చర్చ్ రాక్ అనే చోట యురేనియం మిల్లు వ్యర్థాల చెరువు కట్ట తెగింది. సుమారు 35 కోట్ల లీటర్ల విష నీరు, 1,100 టన్నుల మడ్డి ప్యుయెర్కో అనే ఏట్లో కలిసింది. ఆ ఏటి నీళ్లే నవాహోల గొర్రెలు తాగేవి, ఆ నీళ్లలోనే పిల్లలు ఆడుకునేవాళ్లు. ఇది ఎవరికీ తెలియదు. రియాక్టరు పట్నానికి దగ్గర, చెరువు గొర్రెల కాపర్లకు దగ్గర. మాకు అర్థమైన తేడా అదే.

ఇక చెరువు మాట. యురేనియం అంటే బంగారంలా ముద్దగా దొరికేది కాదు. మా జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో మిల్లు మొదలైంది. రోజుకు 3,000 టన్నుల రాయిని పొడి చేసే మిల్లు అది. ఒక టన్ను రాయి పొడి చేస్తే వచ్చే యురేనియం అర కిలో కూడా ఉండదు. మిగతా టన్ను ఎక్కడికి పోతుంది? రసాయనాలు కలిపిన బురదై చెరువులోకి పోతుంది. దాన్ని ఇంగ్లీషులో టెయిలింగ్ పాండ్ అంటారు. యురేనియం తీసేశారు కదా, ఇక విషం పోయినట్టే అనుకుంటాం. పోలేదు. ఆ రాయిలో ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులో రేడియం ఉంటుంది. అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. 1,600 ఏళ్లు అంటే పల్లవుల కాలం నుంచి ఇప్పటిదాకా. అన్నేళ్లు ఆ కట్టకు ఎవరు కాపలా ఉంటారు? ఏ కంపెనీ బోర్డు ఉంటుంది, ఏ ప్రభుత్వం ఉంటుంది?

చెరువు చుట్టుపక్కల కె.కె.కొట్టాల, కణంపల్లె, మబ్బుచింతలపల్లె రైతులు ఎన్నో ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, ఒళ్లంతా దద్దుర్లని. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. కంపెనీ తన చెరువు భద్రంగానే ఉందంటోంది. తేల్చేది ఎవరు, దేంతో?

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2007 ప్రాంతంలో మా సంఘంలోనే రెండు మాటలు ఉండేవి. ఇంటికో ఉద్యోగం వస్తుంది కదా, మనం అడ్డం పడితే ఊరోళ్లు మనల్నే తిడతారని కొందరం అన్నాం. చివరికి ఎకరాకు ఎంత ఇస్తారనే లెక్క మీదే కొట్లాడాం. అడగాల్సిన ముఖ్యమైన మాట అడగలేదు. తవ్వకం మొదలవక ముందు మా బోర్లలో నీళ్లు ఎట్లా ఉన్నాయో ఒక్క సీసా అయినా పట్టి, పరీక్ష చేయించి, కాగితం మా దగ్గర పెట్టుకోలేదు. రాయలసీమ నేలలో, ముఖ్యంగా నల్లరాయి ఉన్న చోట, భూగర్భ జలంలో కొంత యురేనియం సహజంగానే ఉంటుంది. కాబట్టి తర్వాత ఎంత చూపించినా "ఇది మీ నేలలో ముందు నుంచీ ఉన్నదే" అనడానికి దారి ఉంటుంది. ముందు కాగితం లేకుంటే వెనక మాట నిలబడదు. ఈ సంగతి మళ్లీ చెప్తాం, గుర్తుపెట్టుకోండి.

తుమ్మలపల్లెలో తీసిన యురేనియం హైదరాబాదులోని అణు ఇంధన సంస్థకు పోతుంది. అక్కడ కడ్డీలై రియాక్టర్లకు పోతుంది. కరెంటు వేరు, బాంబు వేరు అని మనకు చెప్తుంటారు. 1953లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ శాంతి కోసం అణువు అని ఐక్యరాజ్య సమితిలో చెప్పాడు. మన సైరస్ రియాక్టరు అట్లా శాంతి పేరు మీద కెనడా సాయంతో వచ్చిందే. 1974 మే 18న పోఖ్రాన్‌లో పేల్చిన దానికి ప్లుటోనియం ఆ రియాక్టరులోదే. మేము దేశం మీద నింద వేయడం లేదు. 1998లో రెండోసారి పేల్చినప్పుడు మా ఊళ్లో మేము కూడా మిఠాయి పంచినవాళ్లమే. మొన్న మే నెలలో పాకిస్తానుతో నాలుగు రోజులు యుద్ధం జరిగినప్పుడు, రెండు వైపులా ఈ బాంబులు ఉన్నాయన్నది గుర్తొచ్చి, సైన్యంలో ఉన్న మా ఊరి పిల్లల ఇళ్లలో ఎవరూ నిద్రపోలేదు. అప్పుడు మిఠాయి గుర్తు రాలేదు.

ఇక రియాక్టరు ప్రమాదాల సంగతి. చెర్నోబిల్ పేరు మీరు వినే ఉంటారు. 1986 ఏప్రిల్ 26. దాని గాలి ఎంత దూరం పోయిందంటే, వేల మైళ్లు కాదు గానీ, యూరపు ఆ చివరనున్న బ్రిటనులో వేల్స్ కొండల మీద వానలో దిగింది. అక్కడి గొర్రెలను కొలిచి చూడకుండా అమ్మకూడదని ఆంక్ష పెట్టారు. అది పూర్తిగా ఎత్తేసింది 2012లో. 26 ఏళ్లు. రియాక్టరు ఉన్న దేశమే అప్పటికి మ్యాపులో లేదు.

మాకు బాగా పట్టుకున్నది ఫుకుషిమా. 2011 మార్చి 11న సునామీ వచ్చి రియాక్టర్లు దెబ్బతిన్నాయి. ఇటాటే అని ఒక కొండ ఊరు, సుమారు 6,000 మంది జనం, పశువుల పెంపకానికి పేరున్న ఊరు. రియాక్టరుకు ఎక్కడో 40 కిలోమీటర్ల దూరం. మాకేం కాదులే అనుకుని, ముందు పారిపోయి వచ్చిన వాళ్లకు అన్నం పెట్టారు. గాలి అటు తిరిగింది, మంచు పడింది, విషం వాళ్ల మీదే దిగింది. ఊరు ఖాళీ చేయమని ఏప్రిల్‌లో చెప్పారు. ఆవులను అమ్ముకున్నారు, చంపుకున్నారు. ఆరేళ్లకు తిరిగి రావచ్చన్నారు. వచ్చినవాళ్లు ఎక్కువగా ముసలివాళ్లే.

నేలను ఎట్లా శుభ్రం చేశారో చెప్తాం, రైతులకు ఇది తెలియాలి. పై మట్టి ఐదు సెంటీమీటర్లు గీకేశారు. పేడ తోలి, ఆకు కుళ్లబెట్టి, తాత ముత్తాతలు తయారు చేసిన మట్టి పైనున్న ఆ నాలుగు వేళ్ల మందమే కదా. దాన్ని నల్ల సంచుల్లో నింపి మడుల్లోనే గుట్టలు పెట్టారు. తర్వాత రియాక్టరు పక్కన ఒకచోటకు చేర్చారు. సుమారు 1 కోటి 40 లక్షల ఘనపు మీటర్లు. 2045 లోపల వేరే చోటికి తీసుకుపోతామని చట్టం చేశారు. ఎవరి ఊరు తీసుకుంటుంది? ఇప్పటికీ తేలలేదు. కూరగాయల అమ్మకం ఆపేసిన మర్నాడు ఒక క్యాబేజీ రైతు ఉరి వేసుకున్నాడు. పాలు పారబోసి పారబోసి ఒక పాడి రైతు, అణు కేంద్రమే లేకుంటే బాగుండేదని కొట్టం గోడ మీద రాసి ప్రాణం తీసుకున్నాడు. అప్పుల బాధతో చనిపోయిన రైతుల ఇళ్లకు పోయి వచ్చినవాళ్లం మేము. ఆ గోడ మాకు కొత్తగా అనిపించలేదు.

సరే, కుర్రాడి ప్రశ్న. మన దేశంలో తయారయ్యే కరెంటులో అణు కరెంటు సుమారు 3 శాతం. మన మోటార్లు ఆగడానికీ ఆడటానికీ కారణం అది కాదు. ట్రాన్స్‌ఫార్మరు కాలితే వారం రోజులు రాదు, లైను పాతది, అసలు కారణం అదీ. ఎండ మనకు తక్కువా? మీ జిల్లాలోనే ఓర్వకల్లు వైపు 1,000 మెగావాట్ల సోలారు పార్కు ఉంది. దానికీ భూములు పోయాయి, దాని మీద మన గొడవ మనకుంది, దాచడం లేదు. కానీ సోలారు పలక పగిలితే నేల గీకి సంచుల్లో పెట్టాల్సిన పని లేదు.

ఈ ఏడాది కేంద్ర బడ్జెట్లో 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు అన్నారు. ప్రైవేటు వాళ్లను రానిస్తామన్నారు. అణు నష్ట పరిహార చట్టం మారుస్తామన్నారు. 2010 నాటి ఆ చట్టంలో కేంద్రం నడిపేవాడి బాధ్యత 1,500 కోట్లకు మించేది కాదు. భోపాల్ చూసిన దేశం ఇది. అయినా అందులో ఒక మంచి సెక్షను ఉండేది. యంత్రంలో లోపం ఉంటే సరఫరా చేసిన కంపెనీ నుంచి కూడా రాబట్టుకునే వీలుండేది. విదేశీ కంపెనీలకు గిట్టనిది అదే. నకిలీ విత్తనం అమ్మినవాడు "మొలవకపోతే నన్ను అడగొద్దు, ముందే సంతకం పెట్టు" అంటే మీరు కొంటారా? శ్రీకాకుళం కొవ్వాడ దగ్గర ఆరు రియాక్టర్లు పెడతామని మత్స్యకారుల ఊళ్లను ఏళ్ల తరబడి అయోమయంలో ఉంచారు. అవి ముందు గుజరాతులో మిఠీ విర్డికి అనుకున్నవి. అక్కడి మామిడి రైతులు ఒప్పుకోలేదు, ఇటు తిప్పారు.

ఒప్పుకోకపోతే ఆగుతుందా అంటే, ఆగిన చోట్లు ఉన్నాయి. నల్లగొండలో లంబాపురం, పెద్దగట్టు ఆగింది. నల్లమలలో చెంచులు కదిలాక 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభే వద్దని తీర్మానం చేసింది. పోయిన నవంబరులో మీ కప్పట్రాళ్ల అడవిలో 68 బోర్లు వేస్తామంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ రోడ్డు మీదకు వచ్చాయి, ప్రభుత్వం ఆపింది. ఆపింది అన్నామే గానీ, ఆ రాయి ఇంకా అక్కడే ఉంది. మళ్లీ ఎప్పుడైనా రావచ్చు.

అందుకని మేము చేయనిది మీరు చేయండి. ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టి తీర్మానం రాతపూర్వకంగా చేయండి, ఒక నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకుని ఊళ్లోనే ఉంచుకోండి. వచ్చే ఆదివారం మా వాళ్లు సీసాలతో వస్తారు. ఊరికి నాలుగు బోర్లు, ఒక తాగునీటి ట్యాంకు. మోటారు వేసిన వెంటనే పట్టొద్దు, పది నిమిషాలు నడిచాక పట్టాలి. సీసా మీద సర్వే నంబరు, బోరు లోతు, తేదీ రాయాలి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదు. మీ బోరులో ఎంత ఉందో కాగితం వచ్చాక దాన్ని పట్టాదారు పాసు పుస్తకంలో పెట్టుకోండి. పరీక్ష ఖర్చుకు ఇంటికి ఇరవై రూపాయలు అనుకున్నాం. లేనివాళ్లు ఇవ్వక్కర్లేదు, సీసా మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోండి, శుభ్రంగా కడిగి.