కన్నీరు నేరమైన పట్టణము



మా పుత్తూరు పేరు చెప్పగానే దక్షిణదేశమున చాలమందికి జ్ఞప్తికి వచ్చునది ఎముకల కట్టు. రేణిగుంటనుండి అరక్కోణము పోవు రైలుమార్గమున దిగి, చేయి విరిగినవారును కాలు బెణికినవారును నేటికిని వచ్చుచునేయున్నారు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డపీలికలు. ఇవియే ఆ వైద్యమునకు ఉపకరణములు. నాకు పదియేండ్లప్పుడు చింతచెట్టుమీదినుండి పడి ముంజేయి విరుగగా, మా నాయనగారు కట్టు వేయించుటకు నన్ను తీసికొనిపోయిరి. ఎముకను సరిచేయుటకై చేతిని లాగినప్పుడు నేను బొబ్బపెట్టితిని. "మొగబిడ్డవు, ఏడిస్తే ఎట్లప్పా? నలుగురూ చూస్తావుండారు" అని నాయనగారు నా నోటిపై చేయి యుంచిరి. ప్రక్కనే కాలికి కట్టు వేయించుకొనుచున్న ఆడుపిల్ల గొంతెత్తి యేడ్చుచుండెను. ఆ బిడ్డను ఎవ్వరును వారింపలేదు.

ఈ సంగతి నేను చాలకాలము మరచియుంటిని. దానిని మరల జ్ఞప్తికి తెచ్చినది ఒక ఫ్రెంచి చలనచిత్రము. దాని పేరు 'ఆల్ఫావిల్'. 1965వ సంవత్సరమున జాన్ లూక్ గొదార్ తీసినది. ఆ యేడే బెర్లిను చిత్రోత్సవమున స్వర్ణభల్లూక బహుమానము నందినది. చదువుకొను దినములలో మద్రాసునందు ఒక ఫిల్ము సొసైటీ ప్రదర్శనమున నేను దీనిని చూచితిని.

రాబోవు కాలపు నగరమును చూపవలెనన్న మనవారికి ముందు తోచునది కోట్లరూపాయల సెట్టింగులు. గొదార్ అట్టివేమియు వేయలేదు. నాటి పారిసు పట్టణమునే, క్రొత్తగా లేచిన గాజుమేడలను, మెట్లను, హోటలు నడవలను, చాలవరకు రాత్రివేళ, నలుపు తెలుపులలో రవూల్ కుటార్ చేత ఛాయాగ్రహణము చేయించెను. లోకాంతరమునుండి రావలసిన కథానాయకుడు మామూలు ఫోర్డుకారులో రోడ్డుమీదుగా వచ్చును! మొదట నవ్వు వచ్చును. పది నిమిషములు గడచిన పిమ్మట ఆ నవ్వు నిలువదు.

ఆ నాయకుడు లెమీ కాషన్. పీటర్ ఛేనీ అను ఆంగ్లరచయిత సృష్టించిన పాత్ర. ఎడ్డీ కాన్‌స్టాంటైన్ అను అమెరికా నటుడు అప్పటికే అనేక ఫ్రెంచి చిత్రములలో ఈ వేషము కట్టి ప్రసిద్ధుడు. గుంటలు పడిన మొగము, పొడుగుకోటు, టోపీ, పిస్తోలు. మన కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్ పెద్దమనిషి. ఇతడు ముందు కొట్టి తరువాత ప్రశ్నించు జాతివాడు. పత్రికావిలేఖరి వేషమున ఆ పట్టణము ప్రవేశించును.

ఆ పట్టణమును ఏలునది 'ఆల్ఫా 60' అను గణకయంత్రము. తర్కమునకు లొంగని మాటలను అచ్చట నిఘంటువునుండి తొలగించుచుందురు. హోటలు గదిలో వేదగ్రంథమువలె ఉంచబడినది ఆ నిఘంటువే. ఇక ఈతకొలను దృశ్యమున్నది. ఒక పురుషుని కొలనుగట్టుపై నిలువబెట్టుదురు. భార్య చనిపోయినప్పుడు అతడు ఏడ్చినాడట, అదియే నేరము. తుపాకి ప్రేలును, మనిషి నీటిలో పడును, యువతులు కత్తులతో నీటిలోనికి దుముకుదురు. పెద్దమనుష్యులు వేడుకవలె చూచుచుందురు.

ఆ సంవత్సరమే మా అమ్మ గతించినది. శ్మశానమున నాయనగారు కట్టెల లెక్క చూచిరి, తప్పెటవారికి డబ్బిచ్చిరి, వచ్చినవారికి మంచినీరు అందినదా యని విచారించిరి. కన్ను తడి కాలేదు. "ఏమి గుండె దిటవు" అని బంధువులు మెచ్చిరి, నేనును మెచ్చితిని. ఆ పిమ్మట ఆయన నోట అమ్మ పేరు నేను వినలేదు. ఆ కొలను దృశ్యము చూచుచు, మా బంధువులందరిని ఆ గట్టుమీద నిలిచినట్లు చూచితిని. వారిలో నేనును ఉంటిని.

చిత్రమున లోపము లేకపోలేదు. ఆడువారిని అంకెలు వేసిన బొమ్మలుగా చూపి, అది ఆ యంత్రము చేసిన పాపమని చెప్పునప్పటికిని, కెమెరా కన్ను ఆ బొమ్మలపై అవసరమునకు మించి నిలుచును. అన్నా కరీనా ధరించిన నటాషా పాత్రకు ప్రేమయను మాట నేర్పుటకు ఒక మగవాడే కావలసివచ్చెను. ఐనను ఆ మొరటువాడు ఆమె చేతికిచ్చునది పిస్తోలు కాదు, పాల్ ఎల్యువార్ కవితల పుస్తకము. యంత్రము నెదిరించుటకు అతడు తెచ్చిన సామగ్రిలో బలమైనది అదియే.

మన తెలుగులో ఇట్టిది లేదా యని వెదకితిని. సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' 1991లో మనలను 2504వ సంవత్సరమునకు తీసికొనిపోయినది గాని, అది చౌకబేరము కాదు. అపరాధ పరిశోధకుని మగతనముతో ఆడుకొన్నది జంధ్యాలగారి 'చంటబ్బాయ్', 1986. మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి నవల దానికి మూలము. పోరాటములకు పేరుపడిన చిరంజీవిగారు అందు నవ్వించు డిటెక్టివుగా నటించి, ఆడువేషము కొరకు మీసము తీసివేసిరి. మీసమే మగసిరియని నమ్ము మా సీమలో అది చిన్న సాహసము కాదు. ఈ రెండింటిని కలిపి తీయువారికి పెద్ద మూలధనము అక్కరలేదు. రాత్రి రెండుగంటలకు మా పుత్తూరు స్టేషను, ఎవ్వరును లేని బల్లలు, ఒక పొడుగుకోటు చాలును.

నిరుడు మా నాయనగారు నూతిగట్టున జారిపడగా మణికట్టు విరిగినది. ఎనుబది దాటిన మనిషి. నేనే కట్టునకు తీసికొనిపోయితిని. చేయి లాగినప్పుడు ఆయన పెదవి కొరుకుకొని, తల త్రిప్పి, ఎవరు చూచుచున్నారోయని బల్లలవైపు చూచిరి. కన్నులు నిండియుండెను. నేను లేచి, బల్లలపై కూర్చున్నవారికి ఆయనకు నడుమ అడ్డముగా నిలిచి, "ఏడ్వు నాయనా, ఎవరూ చూడ్డంలేదు" అంటిని.

ఏడ్చిరి. కట్టు వేయునప్పటికి అరగంట పట్టినది. నడుమనొకసారి అమ్మ పేరు పలికిరి.